నాయనకి చెవి మిషన్ పెట్టించాలంటే: టెస్టు దగ్గర్నుంచి సెట్టింగ్ దాకా

ఇంట్లో పెద్దాయన "నాకు వినపడతానే ఉందిరా, మీరే నోట్లో నోట్లో మాట్లాడుతుండారు" అని మన మీదకే తిప్పుతున్నాడంటే వినికిడి పరీక్షకి టైం వచ్చినట్టే. ఆయన చెప్పేది అబద్ధం కూడా కాదు. వయసుతో వచ్చే చెవుడు ముందుగా సన్నటి శబ్దాలని, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్నవాటిని తినేస్తుంది. మాటలో అచ్చుల బలమంతా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, స, శ, త, క లాంటి హల్లుల పదును పైవాటిలో ఉంటుంది, అందుకే గొంతు బాగానే వినపడుతుంది గానీ పాలు అన్నారో కాలు అన్నారో తేలదు. మనం గట్టిగా అరిస్తే అచ్చులే ఇంకా పెద్దవవుతాయి, ఆయనకి విసుగొస్తుంది, మనకి గొంతు నొప్పి మిగులుతుంది.

ఇది నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల అమ్మనో నాయననో పరీక్షకి తీసుకెళ్లబోయే వాళ్ల కోసం రాస్తున్నా. ఒక్క సంగతి ముందే చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది: మిషన్ కొనడం ఇందులో చిన్న పని. దాన్ని ఆ చెవి కొలతకి తగ్గట్టు సెట్ చేయించడం, నెలా రెండు నెలలు తిరిగి సరిచేయించుకోవడం అసలు పని. ఎంత ఖరీదైన మిషనైనా సెట్టింగ్ సరిగ్గా లేకపోతే బీరువాలోకి పోతుంది.

ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి

నేరుగా మిషన్ షాపుకి వెళ్లొద్దు. ఈఎన్‌టీ డాక్టర్ చెవిలో లైటు వేసి చూడాలి. గులిమి గట్టిపడి చెవి మూసుకుపోయి ఉండొచ్చు, మన తీర ప్రాంతపు ఉక్కకి చెవిలో ఫంగస్ పట్టి ఉండొచ్చు, కర్ణభేరికి చిల్లు పడి చీము కారుతుండొచ్చు. వీటిలో కొన్ని మందుతోనో చిన్న ఆపరేషన్‌తోనో బాగయ్యేవే, వాటికి మిషన్ అక్కర్లేదు. గులిమి ఉంటే అది తీసేదాకా పరీక్ష చేసినా లెక్క తప్పుతుంది. గట్టి గులిమి అయితే మెత్తబడటానికి కొన్ని రోజులు చుక్కలు వేసుకుని మళ్లీ రమ్మంటారు. కాబట్టి ఉదయగిరి, కనిగిరి లాంటి దూరాల నుంచి వచ్చేవాళ్లు ఈ చెవి చూపించే పని దగ్గర్లో ఉన్న ఈఎన్‌టీ దగ్గర ముందే పూర్తి చేసుకుంటే ఒక బస్సు ప్రయాణం తప్పుతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఇవేవీ వద్దు. చిల్లు ఉన్న చెవిలో నూనె పోస్తే ఉన్న రోగానికి ఇంకొకటి తోడవుతుంది.

కొన్ని లక్షణాలకి మాత్రం వారం పది రోజులు ఆగొద్దు. రాత్రి బాగున్న చెవి తెల్లారేసరికి ఉన్నట్టుండి మూసుకుపోతే అదే రోజు, లేదంటే మర్నాడైనా డాక్టర్ దగ్గర ఉండాలి. దానికి స్టెరాయిడ్ మందులు త్వరగా మొదలుపెడితేనే పని చేసే అవకాశం ఎక్కువ, రోజులు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది. "నీళ్లు పోయుంటాయిలే, అదే తగ్గుతుంది" అని కూర్చుంటే పోయింది తిరిగి రాకపోవచ్చు. ఒక చెవే తగ్గుతూ రావడం, ఒక చెవిలోనే హోరు, కళ్లు తిరగడం, చీము, రక్తం, మూతి వంకర పోవడం, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్ తేల్చాలి.

ఎక్కడికి వెళ్లాలి

నెల్లూరులో అయితే పొగతోట సంగతి మీకు తెలిసిందే, ఈఎన్‌టీ డాక్టర్లకి అక్కడ కొదవ లేదు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు రెండింటిలోనూ ఈఎన్‌టీ విభాగం ఉంది. వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సీఆర్‌సీ కూడా నెల్లూరులో ఉంది, అక్కడ విచారించుకోవచ్చు. "ఎందుకైనా మంచిది చెన్నై పోదాం" అనే అలవాటు మనకి ఎక్కువ గానీ, మామూలు వయసు చెవుడుకి నాకది అనవసరం అనిపిస్తుంది. మిషన్ పెట్టాక కనీసం మూడు నాలుగు సార్లు సెట్టింగ్‌కి వెళ్లాలి. చెన్నైలో కొంటే రెండోసారికే బద్ధకిస్తారు. ఆపరేషన్ కావాల్సిన కేసో, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) అవసరమైన కేసో అయితే అది వేరే లెక్క.

పరీక్ష చేసేది ఎవరో అడగండి, మొహమాటపడొద్దు. ఆడియాలజిస్ట్ అంటే వినికిడి, మాట లోపాల మీద ఉండే బీఏఎస్‌ఎల్‌పీ డిగ్రీ గానీ దానిపై పీజీ గానీ చదివి, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేసుకున్న మనిషి. 1992 చట్టంతో ఏర్పడ్డ కౌన్సిల్ అది. రిజిస్ట్రేషన్ నెంబర్ ఉన్న సర్టిఫికెట్ గోడకి తగిలించి ఉంటుంది, లేకపోతే చూపించమంటే చూపిస్తారు. "ఫ్రీ టెస్ట్" బోర్డు పెట్టిన చోటల్లా ఆడియాలజిస్ట్ ఉండాలని లేదు, కొన్నిచోట్ల మిషన్లు అమ్మే కుర్రాడే హెడ్‌ఫోన్ పెట్టేస్తాడు. మా మామకి మొదట మిషన్ ఇచ్చిన చోట శబ్దం రాని గదే లేదు, నెత్తిన ఫ్యాన్ తిరుగుతూ, బయట ఆటోల హారన్లు వినపడుతూ ఉంటే కాసేపట్లో పరీక్ష అయిపోయిందన్నారు. ఆ మిషన్ ఎట్టా ఉంటుందో మీరే ఊహించుకోండి.

వెళ్లే రోజు

ముందు రోజు సాయంత్రం నుంచి పెద్ద శబ్దాలకి దూరంగా ఉంచండి. పెళ్లి డీజే, రైస్ మిల్లు, ట్రాక్టర్, ఏదైనా సరే. పెద్ద మోత తర్వాత చెవి కొన్ని గంటలు మందగిస్తుంది, పరీక్షలో ఉన్నదానికంటే ఎక్కువ చెవుడు కనిపిస్తుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసినవాళ్లయితే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, ఎన్నేళ్లు చేశారో కూడా. మోతవల్ల వచ్చే చెవుడు పరీక్ష గ్రాఫ్‌లో 4000 హెర్ట్జ్ (ఫ్రీక్వెన్సీ కొలత) దగ్గర గుంటలా కనిపిస్తుంది, ఆడియాలజిస్ట్‌కి అది పెద్ద ఆధారం. జలుబు గట్టిగా ఉంటే పరీక్ష వాయిదా వేయండి.

వాడుతున్న మందుల చీటీలన్నీ సంచిలో వేసుకోండి. షుగర్, బీపీ ఉన్నాయా, ఎప్పుడైనా టీబీకి ఇంజెక్షన్లు చేయించుకున్నారా అని అడుగుతారు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ లాంటి ఇంజెక్షన్లు కొందరికి వినికిడిని దెబ్బతీస్తాయి. కళ్లద్దాలు మర్చిపోవద్దు, రేపు మిషన్ ఎట్టా పెట్టుకోవాలో చూపించేటప్పుడు కావాలి.

గదిలో ఏం జరుగుతుంది

చిన్న గాజు కిటికీ ఉన్న, శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెడతారు. చేతికి ఒక బటన్ ఇస్తారు, లేదా వినపడినప్పుడు చెయ్యెత్తమంటారు. కుయ్‌మనే శబ్దాలు ఒక్కో చెవికి వేరుగా, 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా, పెద్దగా మొదలై తగ్గుతూ వస్తాయి. మన పెద్దవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. శబ్దం స్పష్టంగా వినపడితేనే నొక్కుదాం, తప్పు నొక్కితే ఏమనుకుంటారో అని ఆగుతారు. బస్సులోనే చెప్పి తీసుకెళ్లండి: "నాయనా, చీమ చిటుక్కుమన్నంత వినపడినా నొక్కెయ్, అనుమానంగా ఉన్నా నొక్కెయ్, ఇందులో పాసూ ఫెయిలూ లేవు." ఈ ఒక్క మాటతో పరీక్ష నిజానికి దగ్గరగా వస్తుంది.

తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న వైబ్రేటర్ పెట్టి మళ్లీ ఇదే చేస్తారు. హెడ్‌ఫోన్‌లో తక్కువ వినపడి, ఎముక మీద బాగా వినపడిందంటే లోపలి నరం బాగానే ఉంది, అడ్డు బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉందని అర్థం. అలాంటివాటిలో చాలావరకు డాక్టర్ చేతిలో పని. రెండింటిలోనూ ఒకేలా తగ్గిందంటే లోపం లోపలి చెవిలోనో నరంలోనో ఉంది, మిషన్ ఎక్కువగా పనికొచ్చేది వీళ్లకే. మధ్యలో ఒక చెవిలో హోరుమనే శబ్దం వదులుతారు, కంగారుపడొద్దు, ఒక చెవి సమాధానాన్ని ఇంకో చెవి దొంగిలించకుండా చేసే ఏర్పాటది. చెవిలో చిన్న రబ్బరు బిరడా పెట్టి గాలి ఒత్తిడి మార్చే పరీక్ష ఇంకోటి ఉంటుంది, అది కర్ణభేరి కదలికను చూడటానికి, దానికి ఏమీ నొక్కక్కర్లేదు.

మాటల పరీక్షని మాత్రం వదిలిపెట్టొద్దు. పదాలు వినిపించి తిరిగి చెప్పమంటారు, ఎన్ని సరిగ్గా చెప్పారో శాతం వేస్తారు. ఇది తెలుగు పదాలతోనే జరగాలి, ఇంగ్లీషు రాని మనిషికి ఇంగ్లీషు పదాలు వినిపిస్తే అది వినికిడి పరీక్ష కాదు. శబ్దాన్ని తగినంత పెంచినా ఈ శాతం బాగా తక్కువ వచ్చిందంటే మిషన్ పెట్టినా మాట పూర్తిగా తేటపడదని ముందే తెలుస్తుంది, అప్పుడు లక్షలు పెట్టి ఆశపడకుండా ఉంటారు. ఈ పరీక్షంతా జరిగేటప్పుడు మీరు పక్కన కూర్చుని "అదిగో వచ్చింది, నొక్కు" అనకండి. బయట టీ తాగండి.

కాగితం మీద ఏముందో

ఆడియోగ్రామ్, అంటే ఆ పరీక్ష గ్రాఫ్, చూడటం కష్టమేమీ కాదు. ఎడమ నుంచి కుడికి వెళ్లేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. పై నుంచి కిందికి వెళ్లేకొద్దీ శబ్దం పెద్దదవుతుంది, అంటే గీత ఎంత కిందికి దిగితే చెవుడు అంత ఎక్కువ. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవి. శబ్దం ఎంత పెద్దదో డెసిబెల్స్‌లో కొలుస్తారు: సుమారుగా 25 డెసిబెల్స్ లోపు మామూలు, 40 దాకా కొద్దిపాటి లోపం, 41 నుంచి 70 మధ్యస్థం, 71 నుంచి 90 తీవ్రం, ఆపైన అతి తీవ్రం. కాగితం అడిగి తీసుకుని అక్కడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మిషన్ కొంటేనే రిపోర్ట్ ఇస్తామనే చోట అసలు కొనకండి.

కొనేముందు సర్కారు దారి చూడండి

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాటల ఫ్రీక్వెన్సీల్లో 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి మందగించినవాళ్ల కిందా, 70 ఉంటే బధిరుల కిందా లెక్క. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ కోసం సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ బుక్ చేసుకోవాలి. 40 శాతం ఆపైన వైకల్యం ఉండి, ఆదాయం పరిమితి లోపల ఉంటే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద మిషన్ వస్తుంది. 60 దాటిన పేదవాళ్లకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన వేరే ఉంది, వినికిడి మిషన్, చేతికర్ర, కట్టుడు పళ్లు, కళ్లద్దాలు లాంటివి ఉచితంగా ఇచ్చే పథకం. 2017 ఏప్రిల్ 1న దాన్ని మొదలుపెట్టిందే మన నెల్లూరులో, మనవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. క్యాంపు ఎప్పుడు పెడతారో వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసులో కనుక్కోండి. అక్కడ ఇచ్చే మిషన్ని కూడా అలాగే వాడేయకుండా మీ ఆడియోగ్రామ్ పట్టుకెళ్లి సెట్ చేయించుకోండి.

ఏ మిషన్

రెండు చెవులూ తగ్గి, డబ్బు కుదిరితే రెండింటికీ పెట్టించడం మేలు. శబ్దం ఎటునుంచి వస్తుందో తెలియడానికీ, నలుగురిలో మాట పట్టుకోవడానికీ రెండూ కావాలి. ఒకదానికే కుదిరితే ఏ చెవికి అన్నది మాటల పరీక్ష చూసి ఆడియాలజిస్ట్ చెప్పాలి, మనం ఊరికే అనుకునేది కాదు.

జేబులో పెట్టుకునే పాతకాలం బాక్స్ మోడల్, చెవి వెనక పెట్టేది, చెవి వెనకే ఉండి సన్నటి తీగతో స్పీకర్ చెవిలోకి వెళ్లే ఆర్‌ఐసీ, పూర్తిగా చెవిలోపలే కూర్చునేవి, ఇలా రకాలున్నాయి. "ఎవరికీ కనపడకూడదు" అని అందరూ చెవిలోపలి దాని మీద పడతారు. చేతులు వణికే, చూపు తగ్గిన మనిషి ఆ గింజంత బ్యాటరీ ఎట్టా మారుస్తాడు? చీము కారిన చరిత్ర ఉన్న చెవికి అది అసలు పనికిరాదు, లోపం తీవ్రంగా ఉంటే దాని బలం చాలదు. డెబ్బై దాటినవాళ్లకి చెవి వెనకదే హాయి. చార్జింగ్‌ది అయితే ఇంకా సుఖం, రాత్రి డబ్బాలో పెడితే రోజంతా వస్తుంది.

డిజిటల్ మిషన్లు చెవికి పది, పదిహేను వేల దగ్గర మొదలై లక్ష దాటి కూడా ఉంటాయి. వినికిడి మిషన్లకి జీఎస్టీ లేదు, బిల్లులో అది వేస్తే అడగండి. ఫోనాక్, ఓటికాన్, సిగ్నియా, వైడెక్స్, రీసౌండ్, స్టార్కీ, పేరున్న కంపెనీలు ఇవి. ధర పెరిగేకొద్దీ చానెళ్లు (విడివిడిగా సెట్ చేయగల ఫ్రీక్వెన్సీ భాగాలు), గోలలో మాటని వేరుచేసే తెలివి, బ్లూటూత్ పెరుగుతాయి. ఇంట్లో నలుగురితో మాట్లాడుతూ, టీవీ చూసుకుంటూ, సాయంత్రం గుడి అరుగు మీద కూర్చునే మనిషికి టాప్ మోడల్ అక్కర్లేదు. రోజూ షాపులో గిరాకీతో మాట్లాడే మనిషికైతే మధ్య రకానికి తగ్గొద్దు. ఆన్‌లైన్‌లో వెయ్యీ రెండు వేలకి దొరికేవి శబ్దాన్ని అంతటినీ ఒకేలా పెంచే యాంప్లిఫయర్లు, వాటిలో మీ నాయన ఆడియోగ్రామ్ ఎక్కడా ఉండదు.

కొనేముందు కనీసం రెండు మోడళ్లు పెట్టించి వినిపించండి, గదిలో కాదు, బయట రోడ్డు మీదకి తీసుకెళ్లి. గదిలో ప్రతి మిషనూ బాగానే ఉంటుంది. పొగతోట ట్రాఫిక్‌లో నిలబడి మీరు మామూలు గొంతుతో "మధ్యాహ్నం ఏం తిందాం" అంటే ఆయనకి తెలిసిందా, చెవిలో ఏదైనా గుచ్చినట్టు ఉందా, ఇవి చూడాలి. డిపాజిట్ కట్టించుకుని ఇంటికి కొన్ని రోజులు ట్రయల్ ఇచ్చేవాళ్లూ ఉన్నారు, అడగండి. వారంటీ ఎన్నేళ్లు, సెట్టింగ్‌కి వచ్చిన ప్రతిసారీ డబ్బులా, రిపేర్‌కి పంపితే అన్నాళ్లూ వేరే మిషన్ ఇస్తారా, ఈ మూడూ బేరానికి ముందే తేల్చుకోండి, బిల్లు మీద మోడల్, సీరియల్ నెంబర్ రాయించుకోండి.

పెట్టించే రోజు, తర్వాతి వారాలు

లోపం ఎక్కువున్నవాళ్లకి చెవి అచ్చు తీస్తారు. లోపల దారం కట్టిన దూది పెట్టి మెత్తటి పేస్టు నింపి, గట్టిపడ్డాక బయటికి తీస్తారు, నొప్పి ఉండదు. ఆ అచ్చుతో చేసే చెవి తొడుగు సరిగ్గా అమరకపోతే మిషన్ కూతపెడుతుంది. మిషన్ని కంప్యూటర్‌కి కలిపి ఆడియోగ్రామ్ ప్రకారం ప్రోగ్రాం చేస్తారు. చెవిలో సన్నటి గొట్టం పెట్టి కర్ణభేరి దగ్గర శబ్దం ఎంత చేరుతోందో కొలిచే సదుపాయం ఉంటే అడిగి చేయించుకోండి, అన్నిచోట్లా ఉండదు, ఉన్నచోట వదులుకోవద్దు. బయల్దేరేముందు ఆయన చేతనే పెట్టించి, తీయించి, బ్యాటరీ మార్పించండి. మీరు నేర్చుకుంటే లాభం లేదు, మీరు బెంగళూరులో ఉంటారు.

మొదటి వారం టెన్షన్ పడొద్దు. ఏళ్ల తరబడి వినపడని శబ్దాలన్నీ ఒక్కసారి మీద పడతాయి, ఫ్యాన్ చప్పుడు, చెప్పుల చప్పుడు, గిన్నెలు కడిగే చప్పుడు. తన గొంతు తనకే కుండలో తలపెట్టి మాట్లాడినట్టు ఉంటుంది. మొదట్లో ఇంట్లో రోజుకి రెండు మూడు గంటలు, ఒక్కరితో మాట్లాడుతూ పెట్టుకోవాలి, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. పెట్టిన మర్నాడే పెళ్లికి తీసుకెళ్తే మిషన్ మీదే విరక్తి పుడుతుంది. ఇబ్బందులన్నీ ఒక కాగితం మీద రాయండి: స్టీలు పళ్లెం శబ్దం గుచ్చుతోంది, మనవరాలి మాట తెలవడం లేదు, ఫోన్ పెడితే కూత వస్తోంది, ఇట్టా. ఆడియాలజిస్ట్‌కి "బాలేదు" అంటే ఏమీ చెయ్యలేరు, ఈ కాగితం ఇస్తే ఏ ఫ్రీక్వెన్సీ తగ్గించాలో, ఎక్కడ పెంచాలో తెలుస్తుంది. ఫోన్ సంగతి అయితే, చెవి వెనక మిషన్‌కి మైకు పైన ఉంటుంది కాబట్టి ఫోన్‌ని చెవి రంధ్రానికి కాకుండా కొంచెం పైకి, మిషన్ దగ్గరగా పట్టుకోవాలి.

మీరూ కొంచెం మారాలి. వంటింట్లోంచి కేకెయ్యకుండా ఎదురుగా వచ్చి, ముందు "నాయనా" అని పిలిచి, ఆయన చూశాక మాట మొదలుపెట్టండి.

జాగ్రత్తల్లో మన ఊళ్లకి ముఖ్యమైనది చెమట, తేమ. మే ఎండలకి చెమటా, నవంబర్ వానలకి తేమా మిషన్ని పాడుచేస్తాయి. రాత్రి తీశాక పొడిబట్టతో తుడిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. చార్జింగ్‌ది కాకపోతే బ్యాటరీ తలుపు తెరిచి ఉంచాలి. తలకి నూనె రాసుకునేటప్పుడు, పౌడర్ వేసుకునేటప్పుడు, స్నానానికి, క్షవరానికి మిషన్ తీసేయాలి. శబ్దం తగ్గినట్టనిపిస్తే మిషన్ చెడిందనుకోకముందు గులిమి అడ్డుపడిందేమో చూడండి, చాలాసార్లు అదే.

బ్యాటరీలకి రంగుల గుర్తులుంటాయి: 10 పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం. స్టిక్కర్ పీకితే గాలి తగిలి పనిచేయడం మొదలవుతుంది, కాబట్టి పీకాక ఒక నిమిషం ఆగి వేయాలి. స్టిక్కర్ మళ్లీ అంటిస్తే అది ఆగిపోదు. చిన్నపిల్లలకి అందేచోట పెట్టొద్దు, పొరపాటున మింగితే ఇంట్లో వైద్యాలు చెయ్యకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఏడాదికోసారి మళ్లీ టెస్టు చేయించి పాత గ్రాఫ్ పక్కన పెట్టి చూపించండి. లోపం కొంచెం పెరిగితే చాలావరకు ఉన్న మిషన్నే కొత్త గ్రాఫ్‌కి తగ్గట్టు ప్రోగ్రాం మార్చుకోవచ్చు. "పాతదైపోయింది, కొత్తది తీసుకోండి" అని ఎవరైనా అంటే ముందు ఈ పని చేసి చూపించమనండి.